క్యోటోలో షావుకారు పెట్టిన దణ్ణం

మొన్న తొలి వాన కురిసింది. తెల్లారేసరికి రంగూన్ అంతటా పడౌక్ చెట్లు పసుపు రంగులో విరగబూశాయి. పబేడాన్ వీధిలో ఏ బర్మా స్త్రీ కొప్పులో చూసినా ఆ గుత్తులే. తడిసిన పూల వాసన కొట్లోకి వస్తే అందరికీ ప్రాణం లేచివస్తుంది. నాకు మాత్రం తల వంగిపోతుంది. పువ్వు కోయడం కూడా ఒక తప్పేనా అని నేనూ ఒకప్పుడు అనుకున్నవాణ్ణే.

కామయ్య షావుకారుగారు మీలో ఎవరికీ తెలియరు. భీమిలి వైపు నుంచి చిన్నతనంలో ఓడెక్కి వచ్చి, పబేడాన్‌లో పట్టుబట్టల కొట్టు పెట్టిన మనిషి. అక్షరం ముక్క రాదు. ఇంగ్లీషు ఉత్తరాలు రాయడానికి నన్ను పెట్టుకున్నారు గానీ, నాకు బుద్ధులు నేర్పింది ఆయనే. తానులో ఎక్కడైనా మచ్చ ఉంటే ముందు అదే విప్పి చూపించాలి. "మచ్చ సూపించినాకే బట్ట సూపించు పంతులూ. కొనకపోతే కొనకపోనీ" అనేవారు. ఇదేం వ్యాపారమని కొత్తలో నవ్వుకునేవాణ్ణి. జనం మాత్రం ఆయన కొట్టునే వెతుక్కుంటూ వచ్చేవారు.

లేత గులాబీ రంగు పూల అచ్చు వేసిన జపాను పట్టు మా కొట్లో బాగా పోయేది. ఒకరోజు ఒక బర్మా ముసలమ్మ "కామయ్యా, ఇదేం పువ్వు?" అని అడిగితే ఆయన తెల్లమొహం వేశారు. ఆమె వెళ్ళాక, "ఇరవయ్యేల్లు అమ్మీసినాను. ఏటి పువ్వంటే సెప్పనేకపోనాను. సచ్చీలోగా ఆ సెట్లు ఓపాలి సూడాల" అన్నారు. ఆ వసంతంలో సరుకు బేరానికి తానే క్యోటో బయలుదేరి, మాట సాయానికి నన్ను వెంట తీసుకెళ్ళారు.

ఓడలో ఉన్నన్నాళ్ళూ సింహాద్రి అప్పన్న పటానికి అక్షింతలతోనే పూజ. "పువ్వునేని పూజేటి పంతులూ" అని రోజూ నొచ్చుకునేవారు. క్యోటోలో చీకటి పడ్డాక ఒక సత్రంలో దిగాం. తెల్లవారుతూనే చూస్తే పెరట్లో చిన్న చెర్రీ చెట్టు ఆకు కనబడకుండా పూసి ఉంది, మా పట్టు మీది పూలే. మంచులో దిగి ఒక కొమ్మ విరిచి పటం ముందు పెట్టాను. పూజకైతే పొరుగింటి పూలు కోసినా పాపం లేదనే మాట వింటూ పెరిగినవాణ్ణి. షావుకారుగారు స్నానం చేసి వచ్చి, ఆ పూలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఎక్కడివని అడగలేదు. నేను పొంగిపోయాను.

పూజ ముగుస్తూండగా సత్రం నడిపే ముసలమ్మ కొడుకుతో గుమ్మంలోకి వచ్చింది. అరవలేదు. పటం ముందున్న కొమ్మ వంకే చూస్తూ మెల్లగా ఏదో అంది. పోయిన భర్త నాటిన చెట్టట. ఎవరు విరిచారని కొడుకు నన్ను ఇంగ్లీషులో అడిగాడు.

"ఏటంతన్నాడు?" అన్నారు షావుకారుగారు.

"కొమ్మ ఎవరు విరిచారని అడుగుతున్నాడండి."

ఆయన నా వంక చూశారు. చాలాసేపే చూశారు. నేను చాప అంచు చూస్తూ కూర్చున్నాను.

"నానే ఇరిసినానని సెప్పు" అన్నారు.

చెప్పాను. మా యజమాని విరిచారని నా నోటితోనే, తప్పుల్లేని ఇంగ్లీషులో చెప్పాను. అరవయ్యేళ్ళ మనిషి లేచివెళ్ళి, ఆ ముసలమ్మ ముందు నేలకు నుదురు ఆనించి దణ్ణం పెట్టారు. సిగ్గులేకుండా పక్కనే కూర్చుని చూశాను.

మధ్యాహ్నం పట్టు వర్తకుడు బండి తెచ్చాడు. ఏటి ఒడ్డున పూసిన చెట్లన్నీ చూపిస్తానని ముందే మాటిచ్చాడు. షావుకారుగారు కదల్లేదు. "ఏ మొకం ఎట్టుకొని ఆ సెట్లకాడికెల్తాను? నువ్వెల్లి సూసిరా" అన్నారు. నిజం చెప్పడానికి అదే సమయం. నేను బండెక్కాను. ఏటి పొడుగునా పూలే పూలు. వాళ్ళు పెట్టిన పిండివంటలు తిన్నాను, వాళ్ళతో కలిసి నవ్వాను కూడా. మర్నాటి నుంచి వాన పట్టుకుంది. రెండు రోజుల్లో కొమ్మల మీద పువ్వన్నది మిగల్లేదు. మేం ఓడెక్కేశాం.

ఏడాది గడిచి, ఆయన జబ్బుపడి మంచం పట్టాక గానీ నాకు నోరు పెగల్లేదు. "ఆ కొమ్మ విరిచింది నేనేనండి" అన్నాను.

"ఎరుగుదును. ఆ పొద్దు నీ సొక్కా సెయ్యి తడిసున్నాది."

"మరి మీరెందుకు దణ్ణం పెట్టారండీ?"

"ఎక్కడియని అడక్కండా పూజ సేసీసినాను గదా. నా తప్పుకి నానెట్టినాను. నీ దణ్ణం నానెట్టగల్నేటి?"

ఆయన పోయిన నెలకు సత్రానికి నిజం చెబుతూ ఉత్తరం రాశాను. రోజుకు పది ఉత్తరాలు రాసే నాకు ఆ నాలుగు వాక్యాలకు మూడు రోజులు పట్టింది. కొడుకు జవాబిచ్చాడు. తల్లి మేం వచ్చి వెళ్ళిన ఏడాది చలికాలంలోనే పోయిందట. చెట్టు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా, అంత పెద్దమనిషికి ఆ బుద్ధి ఎందుకు పుట్టిందోనని అనుకునేదట. ఆయనే విరిచారన్న మాట ఆమె చెవిన వేసింది నేను. దాన్ని వెనక్కి తీసుకుందామంటే, అక్కడ ఆమె లేదు, ఇక్కడ ఆయన లేరు. పెట్టాల్సిన దణ్ణం నా దగ్గరే ఉండిపోయింది.