పాత సర్వరు ఆపని అక్క

పదో తరగతి మెట్టెక్కని నన్ను గుత్తి రైతులు తమ వేరుశనగ ధరల వెబ్‌సైటుకు పెద్దను చేశారు. అంతకన్నా పనిలేనివాడు ఊళ్లో దొరకలేదు మరి.

దాన్ని కొత్త సర్వరుకు మార్చడానికి రాప్తాడు నుంచి ఒక అక్క వచ్చేది. అంతా మార్చాక కూడా పాత సర్వరు ఆపలేదు. ఎప్పుడడిగినా అరచెయ్యి అడ్డం పెట్టి, "ఉండప్పా" అనేది.

"ఏమక్కా, ఆపేదానికి ముహూర్తం సూస్తాండావా?" అని ఏడిపించేవాణ్ని.

సంత రోజు పొద్దున్నే కొత్త సర్వరు నిలిచిపోయింది. ధర తెలియక రైతులు దళారి చెప్పిన రేటుకే కాయలు ఇచ్చేస్తారని అక్కను తొందరపెట్టాను. అక్క నింపాదిగా వెబ్‌సైటును పాత సర్వరు మీదికే మళ్లించింది. ధరలు కనిపించాయి.

"ఈ ముందుచూపు యాడ నేర్చినావక్కా?" అన్నాను.

"నువ్వు సేద్యగాని కొడుకువేనా? కొత్త బోరులో నీళ్లు పడకముందే మీ నాయన పాత బోరు మోటారు పీకినాడా యెప్పుడన్నా?" అంది.