గాజు వెనక కొడుకు

నెక్కొండ నుంచి హన్మకొండ పోయే బస్సులో ఒక పెద్దమ్మ నా పక్కన కూర్చుంది. "బిడ్డా, చెరువుకాడ ఫోటోల ప్రదర్శన పెట్టిన్రట. యాడ దిగాలె?" అని అడిగింది. ఆ గ్యాలరీ చూడాలని నాకూ ఉండేది. ఆమెతో పాటే దిగాను.

కొంగలు, పడవలు, తామరల ఫోటోలు వేటినీ ఆమె చూడలేదు. చివరి గోడ దగ్గర ఆగింది. బహుమతి వచ్చిన ఫోటో అది. పొలం గట్టు మీద మెడ తెగిన యువకుడు, బురదలో నెత్తురు.

"నా కొడుకు. గట్టు పంచాదిల గొడ్డలితోని నరికిన్రు," అంది.

నేను నోరు తెరిచేలోపే పిడికిలితో అద్దాన్ని గుద్దింది. అది పగిలి రాలిపడే దాకా గుద్దుతూనే ఉంది. కాపలావాడు రెక్క పట్టి లాగితే అతని చేయి కొరికింది. నిర్వాహకుడు పరుగున వచ్చి, "అమ్మా, అది ఆర్ట్! పాడు చేయొద్దు" అని అరిచాడు.

"వాని మీద నేను గుడ్డ కప్పిన. ఎవడు తీసిండు?"

కాపలావాడు ఆమెను వదిలేశాడు. గాజు పెంకుల్లోంచి ఫోటో పీకి, కొంగులో చుట్టుకుని బయటికి నడిచింది.

తిరుగు బస్సు దాకా వెంట వెళ్లాను. తెగిన ఆమె చేతికి నా రుమాలు కట్టినా నెత్తురు ఆగలేదు. దవాఖానకు పోదామంటే వద్దంది.

"ఇగ వాన్ని ఎవ్వలు సూడరు గదా, బిడ్డా?"

ఇందాక మేం గ్యాలరీలోకి వెళ్లేసరికే జనం ఆ ఫోటోను ఫోన్లలో తీసుకుంటున్నారు.

"సూడరు పెద్దమ్మా," అన్నాను.