ఖాళీ గాడి

చొప్పమ్మ అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో. కంకులు విరిచేశాక చేలో నిలబడ్డ మొక్కజొన్న చొప్పను ఒక్క కాడ కూడా పోనివ్వని మనిషి కాబట్టి అందరికీ చొప్పమ్మే. రేకుల పాకలో కప్పు దాకా పేర్చిన మోపుల్ని చూసుకుంటేనే ఆమెకు సగం కడుపు నిండేది. పిసినారి అందామంటే, తను తినేదీ అంతంతమాత్రమే.

ఆ ఏడు ఆవు చూలుతో ఉంది. ఆ ఇంట్లో ఉన్న పశువు అదొక్కటే. కోడలు పాడి ఉన్న ఇంట్లో పెరిగిన పిల్ల, ఉండబట్టలేక నోరు విప్పింది.

"గింజ పాలు పోసుకుంటోంది అత్తయ్యా, ఆవు కోసం నాలుగు సాళ్లు ఇప్పుడే కోసేద్దాం. ముదిరితే కాడలో సారం ఉండదు, అంతా కంకే లాగేసుకుంటుంది. పోనీ, చొప్పతో పాటు కాస్త గానుగ చెక్కయినా పెడదాం."

"పాలకంకి కోస్తారటే ఎవరైనా? నా ఆవు సంగతి నాకు తెలీదా? గాడిలో ఎంత వేసినా ఊడ్చినట్టు తినేస్తుంది. నీలా వంకలు పెట్టదు."

ఆకులు ఎండి, కాడలు కర్రలయ్యాకే కోత. ఆవు ఆ కర్రల్నే నమిలింది. పైన పటారం, లోన లొటారం. ఉబ్బిన పొట్ట చూసి చొప్పమ్మ మురిసిపోయింది, ఆ పొట్ట వెనక తేలిన ఎముకలు ఆమె కంటికి ఆనలేదు.

దూడ బతికే పుట్టింది. ఆవు మాత్రం లేవలేదు.

పశువుల డాక్టరు సెలైన్ ఎక్కించి, డొక్కలు తడిమి చూశాడు. "ఏం పెట్టారమ్మా?"

"కడుపుకి లోటు చెయ్యలేదు బాబూ. రోజూ గాడి ఖాళీ చేసేది."

"ముదురు చొప్పలో పీచు తప్ప ఏముంటుంది? మాంసకృత్తులన్నీ గింజలోకి పోయాయి. ఎంత తిన్నా దీని ఆకలి తీరలేదు. దూడకేమో తన కండే కరిగించి పెట్టింది."

ఆవుకి ఇష్టమని చొప్పమ్మ మురిసిందంతా దాని ఆకలే. కొడవలి పట్టుకుని కాలవగట్టుకి పరుగెత్తి, ఒడినిండా పచ్చగడ్డి కోసుకొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. గాడిలో పోసి, ఆవు తల ఎత్తి గాడి అంచుకి ఆనించింది. అది వాసన చూసింది. నోరు తెరవలేదు.

సాయంత్రం బండి వచ్చి ప్రాణం పోయిన ఆవుని తీసుకుపోయింది. కోడలు గాడి శుభ్రం చెయ్యబోతే చొప్పమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీయవే. ఇన్నాళ్లకి కాస్త మిగిల్చింది."