మూడు నీలం చుక్కలు

గుడియాత్తంలో మా చిన్నప్పుడు... వీధి మొత్తానికి రేడియో ఉన్న ఇల్లు మాదొక్కటే. మగ్గాల కొట్టంలో గూట్లో ఉండేది. స్విచ్చి వేయగానే పలికేది కాదు. వెనక గాజు వాల్వులు ఎర్రగా వేడెక్కాలి... అప్పుడు మాట వచ్చేది. అందాకా నాయన మగ్గం ఆపి చెవి అటు పెట్టి కూర్చునేవాడు.

నాయనకు అనుమానం ఎక్కువ. మగ్గంలో నూలును అటూ ఇటూ తిప్పే నాడెలు పక్కింటివాళ్ల వాటితో కలిసిపోకుండా, మావాటి మీద మూడు నీలం చుక్కలు పెట్టేవాడు. రిపేరుకిస్తే షాపువాళ్లు మంచి వాల్వులు మార్చేస్తారని ఎవరో చెప్పారట... వాటికీ అదే పెయింటుతో మూడేసి చుక్కలు పెట్టేశాడు! "ఇంగ మా మొగాలకు గూడా పెట్టేయండి సామీ" అని అమ్మ ఒకటే నవ్వు.

శీనుమామ మీద మాత్రం ఆయనకు అనుమానం లేదు. శీనుమామ అమ్మకు తమ్ముడు. పెళ్లిళ్లకు మైకుసెట్టు కట్టేవాడు. మా రేడియో విప్పే హక్కు ఆయనొక్కడికే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు...

"వెలుగుతా ఉంటే పని చేస్తా ఉన్నట్టు కాదు పాపా. అనుమానమొస్తే అదే నంబరుది మంచి వాల్వు దాని చోట్లో పెట్టి చూడాల. పలికిందా, పాతది పోయినట్టే."

మామంటే నాకు ప్రాణం.

నాకు పదేళ్లప్పుడు మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమానికి పాడే అవకాశం వచ్చింది. గొంతు ఎండకూడదని మద్రాసు రైల్లో అరక్కోణం దాటేదాకా అమ్మ నీళ్లు తాగిస్తూనే ఉంది. పాట రికార్డు చేసుకుని, ఆదివారం సాయంత్రం వేస్తామన్నారు. నా గొంతు నేను వినబోయేది అదే మొదటిసారి... ఆ రోజులు గుర్తున్నవాళ్లకు తెలుస్తుంది, అది ఎంత పెద్ద సంగతో.

ఆదివారం పొద్దున్నే మామ వచ్చాడు.

"ఈ పొద్దు నీ పాట కదా పాపా, ఒకతూరి చూసేసి పోతా. సాయంత్రం నీ గొంతు ఖంగుమంటాది చూడు!"

వెనక అట్ట విప్పాడు, తుడిచాడు, మూశాడు. నా తల నిమిరి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం పక్కవీధి పెళ్లికి ఆయనదే మైకుసెట్టు.

పొద్దు వాలేసరికి వీధి వీధంతా మా కొట్టంలోనే. అందరూ మగ్గాలు ఆపి వచ్చారు. నాయన స్విచ్చి వేశాడు. వాల్వులు ఎర్రగా వెలిగాయి... మాట రాలేదు. నాయన తిప్పాడు, తట్టాడు, బతిమాలాడు. ఊహూఁ! పక్కవీధిలో మామ లౌడ్‌స్పీకరు మాత్రం ఖంగుఖంగున మోగుతోంది. మనిషిని పంపితే, పెళ్లి వదిలి రాలేనన్నాడట. కాసేపటికి ఒక్కొక్కరే లేచి ఆ మోత వైపే వెళ్లిపోయారు. నేను రేడియో ముందు కూర్చుని ఏడ్చాను.

మర్నాడు మామ వచ్చి ఒక వాల్వు పీకి, కొత్తది పెట్టాడు. రేడియో పలికింది. "దాని ఆయుస్సు తీరిపోయిండాది బావా, ఎవురేం చేస్తారు?" అన్నాడు. చచ్చిన వాల్వు నా చేతిలో పెట్టి, "ఏడవొద్దు పాపా, ఆడుకో" అన్నాడు. దాన్ని గుడ్డలో చుట్టి నా పెట్టెలో దాచుకున్నాను... ఇన్నేళ్లూ.

ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు వేలూరు బాగాయంలో ఉంటున్నాను. పాత రేడియోలు బాగుచేయడం నా పిచ్చి. వాల్వులు పరీక్షించే పాత మెషిన్ కూడా ఉంది. పోయిన నెల శీనుమామ, ఎనభై దాటిన మనిషి, ఎప్పుడో మూలన పడేసిన తన మైకుసెట్టు ఆంప్లిఫయరును ఆటోలో వేసుకుని వచ్చాడు. "మనవడి పెండ్లికి ఒకతూరి మోగించాల పాపా" అన్నాడు.

విప్పి దుమ్ము తుడిచాను. ఒక వాల్వు గాజు మీద... మూడు నీలం చుక్కలు.

లోపలికి వెళ్లి పెట్టె తెరిచాను. ఆ చచ్చిన వాల్వును తిప్పి తిప్పి చూశాను. నంబరు అదే. ఒక్క చుక్క కూడా లేదు! సరిగ్గా చూసి రాయండర్రా అని ముప్పై ఏళ్లు పిల్లల్ని తిట్టినదాన్ని... సాక్ష్యం నా పెట్టెలోనే పెట్టుకుని ఒక్కసారైనా చూడలేదు.

చుక్కల వాల్వు మెషిన్లో పెడితే ముల్లు బాగుందన్న చోటే నిలబడింది.

"మామా, ఇది మా నాయన గుర్తు కదా?"

ఆయన నా మొహం చూడలేదు. "ముందురోజే నాది పోయింది పాపా. యాడా దొరకలా. పెండ్లోళ్లకు మాటిచ్చేసినా... నీ పాట ఇంగోతూరి వేస్తారులే అనుకుంటి."

"నాకూ మాటిచ్చినావు కదా మామా?"

వాల్వు తీసుకున్నందుకు కాదు నా బాధ. పొద్దున్నే ఒక్క మాట చెప్పి ఉంటే, నాయన నన్ను బజారులో ఏదో ఒక షాపు రేడియో దగ్గరికైనా ఎత్తుకుపోయేవాడు. చెప్పలేదు. పైగా ఎవరికీ తెలియకూడదని, వెలిగే శవాన్ని పెట్టి వెళ్లాడు. నా తల నిమిరి మరీ!

ఆంప్లిఫయరుకు నా దగ్గరున్న వేరే వాల్వు పెట్టి పంపించాను. పెళ్లికి మాత్రం వెళ్లలేదు. చుక్కల వాల్వును, ఇప్పటికీ నా దగ్గరే ఉన్న నాయన రేడియోలో దాని చోట్లో పెట్టాను. వేడెక్కి పలికింది... ఎవరెవరివో మాటలు.

ఇప్పుడు మా మనవరాలు తుమ్మినా ఫోన్లో రికార్డవుతుంది. పదేళ్లప్పుడు నా గొంతు ఎలా ఉండేదో నాకింకా తెలియదు. మీలో ఎవరైనా ఆ రోజుల్లో ఆదివారం సాయంత్రాలు మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం వినేవారా? గుడియాత్తం పిల్ల ఒకతె పాడింది, గుర్తుందా?... ఎలా పాడిందో కాస్త చెప్పరూ.