గిన్కా బల్ల కింది కాఫీ

కమ్యూనిస్టుల పాలన పోయిన ఆ రోజుల్లో సోఫియా నగరంలో ఎవరిని కదిపినా వ్యాపారమే. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ప్రభుత్వ దుకాణాలకు తాళాలు పడ్డాయి, ఇంటి కింద గది ఉన్న ప్రతివాడూ షావుకారైపోయాడు. బొగ్గులు పోసుకునే గదికి వీధి మట్టాన చిన్న కిటికీ ఉంటుంది కదా, దాన్ని తెరిచి సరుకు పెట్టేవారు. కొనేవాడు వీధిలో గొంతుక్కూర్చుని, తల వంచి అడగాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, సిగరెట్టు కావాలంటే కూలబడాల్సిందే!

ఇరవయ్యారేళ్లు ప్రభుత్వ దుకాణంలో తూకం వేసిన గిన్కా కూడా అలాంటిదే ఒకటి తెరిచింది. దానికి ఫ్రిజ్జు కావలసి వచ్చింది. పేరు రాయించుకుని పధ్నాలుగేళ్లు ఎదురుచూస్తే చేతికొచ్చిన మాస్క్విచ్ కారును ఆమె భర్త మెతోది అమ్మేశాడు. ట్రాముల మెకానిక్కుగా రిటైరయిన మనిషి, ఆదివారం వస్తే ఆ కారుకు చంటిబిడ్డకు పోసినట్టు నీళ్లు పోసేవాడు. తాళంచెవి కొన్నవాడి చేతిలో పెట్టి, "బండి మంచిదే, చలికాలం కాస్త మొరాయిస్తుంది. తిట్టకు" అని మాత్రం చెప్పి ఇంటికొచ్చాడు. ఆ తర్వాత కారు ఊసే ఎత్తలేదు.

మూడు నెలలు గడిచినా కొట్టు పుంజుకోలేదు. ఎదురు వరసలో రంగెల్ అనేవాడి కిటికీ ముందు జనం బారులు తీరితే, గిన్కా కిటికీ ముందు ఆగిన బూట్లు క్షణంలో ముందుకు సాగిపోయేవి. క్రిస్మస్ దాకా చూసి ఫ్రిజ్జు అమ్మేద్దామని ఆమే అంది. అని, లోపల కుమిలిపోయింది. కారూ పోయి, కొట్టూ పోతే ఆ మనిషి మొహం ఎలా చూడను?

ఒకనాడు పొద్దున్నే మెతోది మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ కిటికీ ముందు కూర్చున్నాడు.

"ఏమేవ్, ఇది కొట్టా, వెనిగర్ ప్రదర్శనా?"

నిజమే. కిటికీలో వెనిగర్ సీసాలు, బట్టల సోడా, అగ్గిపెట్టెలు తప్ప ఏమీ లేవు.

"కాఫీ ఏదీ? మొన్న రెండు పెట్టెలు మోసుకొచ్చాను. నా నడుముకింకా గుర్తుంది."

"కింద ఉంది."

"కింద అంటే?"

"బల్ల కింద. చాక్లెట్లు, అరటిపళ్లు, మంచి సాసేజీలు, అన్నీ అక్కడే ఉన్నాయి. మనవాళ్లకని తీసిపెట్టాను."

మెతోది నోరెళ్లబెట్టాడు.

మీరు మాత్రం నవ్వకండి. పాత దుకాణంలో మంచి సరుకు అరల్లోకి ఎక్కిందెప్పుడు గనక? కొత్త సంవత్సరానికి ఒక్కసారి అరటిపళ్లు దిగితే, చంటిపిల్లలున్న వాళ్లకీ, జబ్బుపడ్డ వాళ్లకీ గిన్కా బల్ల కింద దాచి, కాగితంలో చుట్టి, గుట్టుగా సంచిలోకి జారవిడిచేది. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ ఆశించలేదు. నిన్ను మరిచిపోలేదమ్మా అని చెప్పడానికి ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే. మంచిదంతా దారినపోయేవాళ్ల ముందు పరిచిపెట్టడమంటే ఆమెకు సిగ్గుమాలిన పనిలా తోచింది.

"మనవాళ్లెంతమంది?" అన్నాడు మెతోది.

వేళ్ల మీద లెక్కపెట్టింది. "పద్దెనిమిది."

"పద్దెనిమిది మందితో కొట్టు నడుస్తుందటే, పిచ్చిదానా?"

తిట్టినా బాగుండేది. అంత మెత్తగా అనేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. కన్నీళ్లు తుడుచుకుంటూనే బల్ల కింద ఉన్నవన్నీ తీసి కిటికీలో సర్దింది.

పదిరోజుల్లో వీధి ఇటు తిరిగింది. కిటికీ ముందు ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చునేవారు. "నీ బండి ఊరికే పోలేదయ్యా" అని భర్తతో అంటే, మెతోది ఆమె తల నిమిరాడు.

అంతా బాగానే ఉంది గానీ, దోంకా పిన్ని రావడం మానేసింది. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే డెబ్భై నాలుగేళ్ల మనిషి. ఒకప్పుడు నర్సు. గిన్కా కూతురికి న్యుమోనియా వస్తే పదిరోజులు మంచం పక్క నుంచి కదలలేదు. పద్దెనిమిది మందిలో గిన్కా మొదటి వేలు ఆవిడకే మడిచింది. రోజూ వచ్చి, "నాకేమైనా ఉందటే?" అని గొంతు తగ్గించి అడిగేది. కిటికీలో కాఫీ చూసిన రోజు ఏమీ అడక్కుండానే వెళ్లిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఊదారంగు బూట్లు కిటికీ ముందు నుంచి, ఆగకుండా, రంగెల్ కొట్టు వైపు వెళ్లాయి. గిన్కా తూకం వదిలేసి, మెట్లెక్కి వీధిలోకి పరుగెత్తి చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ! నా మీద అలిగి అతని దగ్గరికెళ్తావా?"

"అలకేమిటే, ఈ వయసులో? అతనికి నేను పరాయిదాన్నే. పరాయివాడి దగ్గర పరాయిదానిలా కొనుక్కుంటే బాధుండదు. నీ దగ్గర ఉంటుంది." ఆవిడ చేతిసంచి దగ్గరికి లాక్కుంది. "ఇన్నాళ్లూ నా కోసం ఒకరు దాచిపెట్టేవారే అమ్మాయ్. ఇప్పుడెవరున్నారు?"

అలాంటి కొట్లలోకి బయటివాళ్లెవరూ దిగరు, దిగడానికి చోటే ఉండదు. అయినా గిన్కా ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపి, సబ్బుల పెట్టె మీద తన పక్కనే కూర్చోబెట్టింది. చిన్న పొయ్యి మీద కాఫీ పెట్టింది. ఇద్దరి మోకాళ్లూ రాసుకుంటున్నాయి. ఆవిడ కప్పు పట్టుకుని, కిటికీలోంచి నడిచిపోయే కాళ్లను వింతగా చూస్తూ కూర్చుంది.

అంతలో ఎవరో కుర్రాడు గొంతుక్కూర్చున్నాడు. "కాఫీ ఉందాండీ?"

గిన్కా లేచేలోపే దోంకా పిన్ని చెయ్యి చాచింది.

"ఉంది నాయనా. ఆ పొట్లం వద్దు, ఇదిగో, ఇది తాజాది. నీ కోసమే తీసిపెట్టాను. అదేమిటి, ఈ చలిలో మెడకేమీ చుట్టుకోలేదు? మీ అమ్మ చూస్తే ఊరుకుంటుందా?"

ఆ కుర్రాణ్ని ఆవిడ అంతకుముందు ఎన్నడూ చూసి ఎరగదు. వాడు మాత్రం పొట్లం గుండెలకానించుకుని, నవ్వుతూ లేచాడు.

గిన్కా గోడవైపు తిరిగి నడుముకు కట్టుకున్న ఆప్రన్‌తో మొహం కప్పుకుంది.

"ఏడుపు తర్వాతే," అంది దోంకా పిన్ని. "రేపు ఎన్నింటికి తెరుస్తావు?"

"ఏడింటికి."

"ఆరున్నరకే వస్తాను. ఈ పెట్టె మీద నా వల్ల కాదు, మెతోదితో చెప్పి ఓ కుర్చీ దింపించు."