సాలు వెడల్పు

మా బాపు మోకాలు సరిగా వంగని ఏడాది నేను ట్రాక్టర్ల గురించి చదవడం మొదలుపెట్టాను. డెబ్భైల మొదట్లో మాట. బోధన్‌కు బండి మీద గంట దూరంలో మాకు నాలుగెకరాల రేగడి ఉండేది. మూడెకరాల్లో చెరుకు. నాగలి వెనుక నడిచేది బాపే. నేను మేడి పట్టుకుంటే ఎడ్లు పది అడుగులు వేసి నిలబడిపోయేవి. నా గొంతు వాటికి తెలియదు. తెలిసేంత కాలం నేను పొలంలో ఉన్నదీ లేదు.

నా చదువు ఉర్దూ బడిలో నాలుగో తరగతితో ఆగింది. తెలుగు చదవడం నేర్చుకున్నది నిజామాబాద్ గ్రంథాలయంలో. బెల్లం అమ్మడానికి పట్నం పోయినప్పుడల్లా బాపు మార్కెట్‌లో ఉంటే నేను అక్కడి బల్ల ముందు కూర్చునేవాణ్ణి. మొదట పత్రికల్లో పెద్దక్షరాలు, తర్వాత చిన్నవి, ఆ తర్వాత ఏది దొరికితే అది. ఎరువు సంచి మీది రాత నుంచి కోర్టు కాగితం దాకా ఊళ్లో చదివి చెప్పేది నేనే. ఆ గర్వం ఉండేది. ఇప్పటికీ కొంత ఉంది.

అక్కడే వ్యవసాయ యంత్రాల మీద ఒక పుస్తకం దొరికింది. ఇంటికి తీసుకుపోనివ్వం అన్నారు. పాత ట్రాక్టర్ కొనేవాడు ఏమేం చూడాలో ఉన్న పేజీలను మూడుసార్లు పోయి నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. మా అమ్మను మేం అవ్వ అంటాం. ఇంటికొచ్చి చదివి వినిపిస్తే ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంది:

"నువ్వేమన్న కొను. ఆయన నాగలెంట నడుసుడు బందుగావాలె. గంతే."

నేను ట్రాక్టర్ కోసం తిరిగింది ఆ ఒక్క మాట కోసమే.

ఎడ్లను అమ్మితే తప్ప ట్రాక్టర్ రాదు. చందూర్ రైతు ఒకాయన కొన్నాడు. మా దిక్కు ఎడ్లతో పాటు పగ్గాలు ఇవ్వరు, కొన్నవాడు తన తాళ్లు తెచ్చుకోవాలి. బాపు మా తాళ్లు విప్పి, మట్టి దులిపి, దూలానికి వేలాడదీశాడు. ఆ రోజు అన్నం సగమే తిన్నాడు.

బోధన్ అవతల ఒక చెరుకు రైతు పెద్ద ట్రాక్టర్ తెచ్చుకుని చిన్నది అమ్మకానికి పెట్టాడని తెలిసింది. మిస్త్రీని వెంట తీసుకుపొమ్మని ఊళ్లో అందరూ చెప్పారు. నాకు నోటుబుక్కు ఉంది కదా, మిస్త్రీ ఎందుకనుకున్నాను.

నేనూ బాపూ పొద్దు పొడవకముందే చేరుకున్నాం. ముందే స్టార్ట్ చేసి వేడి చేసిన ఇంజన్ తన రోగం దాచుకుంటుందని పుస్తకంలో ఉంది. పోగానే ఇంజన్ మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

"ఏంది తమ్మీ, జరమొచ్చిందా సూస్తున్నవా?" అని నవ్వాడు ఆ రైతు.

పొగ రంగు చూశాను. నూనెను వేళ్ల మధ్య రుద్దాను. గేర్లన్నీ వేయించాను. ఒక్కో ప్రశ్న అడిగి నోటుబుక్కులో టిక్కు పెట్టుకుంటుంటే అతను బాపు వైపు తిరిగాడు. "పటేలా, పిల్లనిచ్చెటోడు సుత గిన్ని అడగడు."

బాపు నవ్వలేదు. ఎడ్లు లేకపోయినా అలవాటుగా ముల్లుకర్ర తెచ్చాడు. దాన్ని వెనుక చక్రాల మధ్య నేల మీద పెట్టి, చాలని మేర జానతో కొలిచి, నన్ను పక్కకు పిలిచాడు.

"కొడుకా, గిది మన సాళ్లల్ల పడ్తదా?"

"చక్రాలు దగ్గరికి, దూరం జరుపుకోవచ్చు బాపూ. బోల్టులిప్పితే చాలు. పుస్తకంల రాసిండ్రు."

బాపు అమ్మేవాడి వైపు చూశాడు.

"రాసిండ్రంటే ఉంటది మరి," అన్నాడు అతను.

"నువ్వు సదివినోనివి," అన్నాడు బాపు నాతో. ఇక అడగలేదు. ఎడ్ల అంగడిలో లాగే ఇద్దరూ రుమాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కుకుని బేరం తెంపుకున్నారు.

అప్పటికి నరికిన చెరుకు మోళ్ల నుంచి కొత్త పిలకలు మోకాలెత్తు లేచాయి. వానలు పడకముందే సాళ్లలో నాగలి తోలి మొదళ్లకు మట్టి ఎగదోయాలి. లేకుంటే గాలికి తోటంతా పడిపోతుంది. ట్రాక్టర్ దింపాను. కుడి చక్రం సాలులో దిగింది. ఎడమది చెరుకు మీదికెక్కింది. సరిచేసుకుంటే కుడిది ఎక్కింది. ఇరవై అడుగుల దాకా పిలకలు పటపట విరుగుతూనే ఉన్నాయి. గట్టు మీద కాలు చాపుకుని కూర్చున్న బాపు చెయ్యెత్తాడు. "ఆపు," అన్నాడు.

బోధన్ నుంచి మిస్త్రీని పిలిపించాను. చక్రం నడుమ పేరుకున్న మట్టి, గ్రీజు గుడ్డతో తుడిచి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"బోల్టులేడున్నయ్ భాయ్? అంత వెల్డింగే. బొక్కలు అరిగిపోతే అతికిచ్చిండ్రు. ఇగ కోస్తే చక్రం ఆగదు. కొనేటప్పుడు నన్ను పిలిస్తే ఒక చాయ్ తాగి చెప్తుంటి."

అమ్మినతన్ని పోయి అడిగాను. "అన్ని అడిగితివి తమ్మీ. గదొక్కటి అడగకపోతివి," అన్నాడు. నా నోటుబుక్కులో చక్రాలు జరపవచ్చని ఉంది. జరుగుతాయో లేదో చూడమని లేదు. చూడాలని నాకు తోచలేదు. ఒక గుడ్డముక్కతో తుడిస్తే తెలిసేది.

ఆ బండి చెడ్డదేమీ కాదు. తర్వాత చాలా ఏళ్లు ఊరివాళ్ల ఖాళీ పొలాలు దున్నింది. చెరుకు సాళ్లలో మాత్రం ఎన్నడూ దిగలేదు.

ఆకాశం కమ్ముకొస్తోంది. పారలతో చేద్దామంటే కూలీలు దొరకలేదు. చందూర్ పోయి మా ఎడ్లను నాలుగు రోజులు కిరాయికి అడిగాను. "ఎడ్లిస్త, తాళ్లియ్య," అన్నాడు ఆయన. తిరిగొచ్చి దూలం మీది తాళ్లు దింపుకుని మళ్లీ పోయాను.

మొదటి సాలులో నేనే మేడి పట్టాను. పది అడుగులు వేసి నిలబడ్డాయి. అదిలించాను, అరిచాను. కదల్లేదు. బాపు గట్టు మీద నుంచి మోకాలు పట్టుకుని లేచాడు.

"జరుగు."

"వద్దు బాపూ, అవ్వ తిడ్తది."

"మీ అవ్వొచ్చి దున్నుతదా? జరుగురా."

నాలుక మీద చిన్న చప్పుడు చేశాడంతే. ఎడ్లు కదిలాయి. నాలుగు రోజులు మూడెకరాలూ ఆయనే నడిచాడు. నేను వెనుక నడుస్తూ, చక్రం కింద వంగినవాటిలో బతికేలా ఉన్న పిలకలను లేపి మట్టి తొక్కాను.

చివరి రోజు సాయంత్రం అవ్వ ఆముదపు ఆకులు వేడిచేసి మోకాలికి కట్టింది. నా వైపు చూడలేదు. నేను తాళ్లు కడిగి దూలానికి వేశాను. బాపు గోడకు ఆనుకుని కళ్లు మూసుకునే అడిగాడు:

"నీ లైబ్రరీల మోకాల్లకేమన్న రాసిండ్రారా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు.

"సూస్త బాపూ," అన్నాను.