గ్లాసు మీది ఉల్లిగడ్డ

మోండా మార్కెట్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, ఒక్కొక్కటీ నొక్కి చూసి తెచ్చుకున్న ఉల్లిగడ్డలవి. వాటిలో ఒకటి వంటింటి కిటికీలో, నీళ్ల గ్లాసు మీద కూర్చుని కనిపించింది. అడుగున తెల్లటి వేర్లు గుత్తిగా దిగి ఉన్నాయి. మొలకెత్తితే గడ్డ పాడవుతుందని, వేర్లు తెగ్గోసి చెత్తబుట్టలో వేసి, గడ్డను పప్పుచారులోకి తరిగాను.

ఇంటర్ చదువుతున్న మనవరాలు స్నానం చేసి వచ్చింది. ఖాళీ గ్లాసు చూసి ఆగిపోయింది.

"నానమ్మా, గీడ నా ఉల్లిగడ్డ ఉండె. చూసినవా? రేపే ప్రాక్టికల్."

నేనే కోశానంటే అయిపోయేది. కానీ ఈ ఇంట్లో అగ్గిపుల్ల వృథా అయినా నిలదీసేది నేనే. ఆ పిల్ల ముందు తప్పు ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

"నాకేం ఎరుక? యాడ పెట్టినవో నువ్వే చూసుకో. సామాను జాగ్రత్త చేసుకునుడు నేర్వవైతివి."

పాపం, అరల కింద వెతికింది, సిలిండర్ వెనక వెతికింది. నేను చారు కలుపుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం చెత్తబుట్ట బయట పెట్టబోతూ వేర్లను చూసింది. అవి వాడి, గోధుమరంగుకు తిరిగాయి.

"నువ్వే కోసినవా?"

"ఆ."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. సంచిలోంచి చిన్న సీసా తీసి చూపించింది.

"నేను సుత పొద్దుగాల కోసేదే ఉండె, నానమ్మా. కోసినంక వెంటనే ఈ మందుల వెయ్యాలె. వేరు కొసలనే కణాలు ఎక్కువ చీలుతయ్. ఒక్క కణం ముందుగాల లోపలి దారాలు, క్రోమోజోములంటరు, అన్నీ రెండింతలు చేసుకుంటది, అటెన్క సగం ఇటు, సగం అటు పంచుకొని రెండైతది. మందుల వేస్తె ఎక్కడియి అక్కడ్నే ఆగుతయ్. రంగేసి మైక్రోస్కోప్ కింద చూడొచ్చు. నేను అడిగినప్పుడే చెప్తె బుట్టలకెల్లి తీసి వేస్తుంటి. ఇప్పుడు ఎండిపోయినయ్. మళ్ల కొత్త వేర్లు రావాలంటె మూడు నాలుగు రోజులు పడ్తయ్."

అంటే నేను కోసినందుకు నష్టమేమీ లేదు. చెప్పనందుకే పోయింది. ఆ సంగతి తెలిశాక ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

నా పక్కనే కూర్చుని కాలేజీ సారుకు ఫోన్ చేసింది.

"సార్, వేర్లు ఎండిపోయినయ్. నేనే సరిగ చూసుకోలే."

అవతల ఆయన గొంతు నాకూ వినిపిస్తోంది. ఇంత నిర్లక్ష్యమైతే ఎట్లమ్మా, మార్కులు ఎక్కడికెల్లి వెయ్యాలె, అంటున్నాడు. ఫోన్ ఇటివ్వమని అడుగుదామని నోరు తెరిచాను. "సరే సార్" అని ఆ పిల్ల పెట్టేసేదాకా మాట బయటికి రాలేదు.